ఒత్తు పడేదాకా

శ్రీదుర్గకి భయం ఎక్కువ. పాలకొల్లులో మా డీటీపీ షాపులో శుభలేఖ కొట్టినా సరే, ప్రింటు తీసేముందు పదిసార్లు నాచేత చదివించేది. అలాంటి మనిషి రెండువేల రెండులో కవితల పోటీకి పేరిచ్చింది. కాగితం మీది కవిత కాదు. కంప్యూటర్‌లో అక్షరాలు ఒక్కొక్కటే పైనుంచి రాలి, తెరమీద మాటలై నిలబడే కవిత.

అచ్చు ప్రెస్సు పోయి కంప్యూటర్ రావడం మీద రాసింది. అంటే వాళ్ళ నాన్న సత్తియ్యగారి మీదే. భయమంతా అక్కడే ఉంది. ఆయన పాత ప్రెస్సులో సీసం అక్షరాలు ఏరి పేర్చే కంపోజిటరు. ఓనరు తొందరపెడితే తల కూడా ఎత్తకుండా, "ఆగండి బాబూ, ఒత్తు పెడుతున్నాను" అనేవారట. మాలాంటి షాపులొచ్చాక ఆ ప్రెస్సు మూతపడింది. కూతురు పన్లో చేరినా ఆయన మా గుమ్మం తొక్కలేదు. ఇంట్లో కంప్యూటర్ మాటెత్తితే కంచం ముందునుంచి లేచిపోయేవారు.

"నా పని పోగొట్టినదాంతోనే నా గురించి రాశావా అంటారేమోనండీ" అని దుర్గ రోజంతా నా ప్రాణం తోడేసింది.

"అయితే చూపించకు" అన్నాను విసుగ్గా.

"ఆయనకి చూపించాలనే కదండీ రాశాను!"

వాళ్ళమ్మ రత్తమ్మగారు ఏం చెప్పి ఒప్పించారో గానీ, ఆయన్ని సభకి తీసుకొచ్చి చివరి వరసలో కూర్చోబెట్టారు.

హాల్లో కంప్యూటరు మా షాపుదానికంటే ముసలిది. అక్షరాలు నత్తనడక నడిచాయి. మా ఫాంటులో ఒత్తు విడిగా ఉంటుంది, అక్షరం పడ్డాకే అది పడుతుంది. షాపులో రెప్పపాటులో పడిపోయేది కాబట్టి మేం గమనించనే లేదు. ఇక్కడ మొదటి మాటే "నాన" అని ఆగిపోయింది.

"నాన ఏంటమ్మా, అచ్చుతప్పా?" అన్నారు ముందు వరసలో ఎవరో. హాలంతా నవ్వింది. నాకు ఒళ్ళు మండింది. దుర్గ చెయ్యి మౌస్ మీదే ఉంది. నొక్కితే ఆ మాట అలాగే కుంటిగా మిగిలి తర్వాతి మాట వస్తుంది. నొక్కకపోతే నవ్వు ఆగదు.

వెనక కుర్చీ కిర్రుమంది. సత్తియ్యగారు లేచారు. అయిపోయింది, వెళ్ళిపోతున్నారనుకున్నాను. దుర్గ కూడా అదే అనుకుంది, మౌస్ వదిలేసి వెనక్కి తిరిగింది.

ఆయన తెరనే చూస్తూ గట్టిగా అన్నారు.

"ఆగండి బాబూ, ఒత్తు పెడుతోంది."

నవ్వు ఆగింది. కాసేపటికి 'న' కింద ఒత్తు వచ్చి కూర్చుంది. అప్పుడు సత్తియ్యగారూ కూర్చున్నారు.