వస్తానని చెప్పని ఢిల్లీబాబు

తాళం తీసేసిన కారులో దేవుడు మేలుకొని ఉంటాడా, నిద్రపోతాడా?

ఎన్ని పుస్తకాలు తిరగేసినా ఈ ప్రశ్నకు ఇప్పటికీ జవాబు దొరకలేదు. తొంభైల నడిమిలో, తిరుపతిలో, చెంగల్రాయుడి అంబాసిడర్ ముందర పుట్టిన ప్రశ్న ఇది. ఆ కారుకు తీగలు కలిపిన ఢిల్లీబాబుకు కూడా జవాబు తెలియదు. కాకపోతే, తెలియనిదాన్ని కూడా తీగకు కలిపి వెలిగించగలిగినవాడు ఆయన.

పేరుకే ఢిల్లీ. పుట్టింది చిత్తూరు పక్కన గుడిపాల. ఉత్తరాన గూడూరు దాటి ఎరగడు. వేలూరు లారీషెడ్డులో పని నేర్చుకున్నాడు గనుక కోపమొస్తే అరవంలో తిట్టేవాడు, సంతోషమొస్తే తెలుగులో తిట్టేవాడు. రేణిగుంట రోడ్డులో ఆయనకో చెక్క బంకు ఉండేది. టాక్సీలకు టేపురికార్డర్లు, చిన్న ఫ్యాన్లు, వెనక్కి పోయేటప్పుడు పాట పాడే హారన్లు, కొండెక్కే బండ్లకు ఇంజన్ వేడి చూపించే హీట్ మీటర్లు, అన్నీ ఆయన చేతి మీదుగానే బిగిసేవి. తీగ తోలును పంటితో ఒలిచేవాడు. ముందరి పన్నొకటి సరిగ్గా తీగ మందాన గంటుపడి ఉండేది. “ఈ పనిముట్టు ఎవురూ ఎత్తకపోలేరు” అని ఇకిలించి మరీ చూపించేవాడు.

ఆయన లెక్కలో కారులోని తీగలన్నీ రెండే జాతులు. తాళం తిప్పితేనే ప్రాణమొచ్చేది కీ లైను. బ్యాటరీ నుంచి నేరుగా వచ్చి, తాళంతో పనిలేకుండా ఎప్పుడూ బతికుండేది డైరెక్టు. మనుషులను కూడా అలాగే విడదీసేవాడు. “మా బామ్మర్ది కీ లైను. ఎవురన్నా తిప్పితే గాని కదలడు. మా అత్త డైరెక్టు. నోటికి రేయీ లేదు, పగలూ లేదు.”

ఇంకొక పద్ధతి ఉండేది. పని ముగిశాక ఎవరికీ చెప్పి వెళ్ళేవాడు కాదు. గడప దాటేవాడు ‘పోతా’ననకూడదు, ‘వస్తా’ననాలి గదా? ఆ మాటే తన నోట రాకూడదనేవాడు. “నేను మళ్ళా వస్తానంటే నీ బండి మళ్ళా చెడిపోవల్ల గదన్నా! అట్ల శాపం పెట్టేదెందుకు?” అందుచేత మాటామంతీ లేకుండా సంచి ఎత్తుకుని వెళ్ళిపోయాడంటే, ఆ పనికి అదే పూచీ. పొరపాటున ‘వస్తా’నన్నాడంటే టాక్సీవాళ్ళ గుండెల్లో రాయి పడేది.

ఒక ఆషాఢంలో, టాక్సీ తోలే చెంగల్రాయుడి కారు కొండ దిగుతూ, బ్రేకు పట్టక, మలుపులో మట్టిదిబ్బకు ఆనుకుని నిలబడిపోయింది. లోపలున్నవాళ్ళలో ఎవరికీ గీత కూడా పడలేదు. ఆ కబురు వింటూనే ఆయన భార్య శకుంతలమ్మ మొక్కేసుకుంది: కారులో స్వామిని పెట్టి, ఆయన ముందర ఆరని దీపం పెడతానని. పటం తెచ్చింది. పటం చుట్టూ మిణుకుమిణుకుమనే సీరియల్ బల్బులు, స్వామి తల వెనక గిరగిర తిరిగే చక్రం, పాదాల దగ్గర ఎర్రదీపం. ఢిల్లీబాబు ఆమెను అక్కా అనీ, చెంగల్రాయుణ్ణి బావా అనీ పిలిచేవాడు. సామానంతా చూసి తల గోక్కున్నాడు.

“అక్కా, దీన్నంతా కీ లైనుకు ఇస్తా. బండి నడిసినంతసేపూ జిగేల్మంటాది. తాళం తీస్తే సామి పండుకుంటాడు. కొండమీద మటుకు ఏకాంతసేవ చేసి, జోల పాడి, తలుపెయ్యరా?”

“తలుపేస్తారు నాయనా. దీపం ఆర్పతారా?”

ఢిల్లీబాబు తీగచుట్ట విప్పసాగాడు. ఆమె వదల్లేదు.

“సామిని ఒక్కణ్ణే సీకట్లో కూసోమంటావా? నువ్వు కూసుంటావా?”

“నాకు మొక్కేవాళ్ళు యాడుండారక్కా.”

“యాళాకోళం సాల్లే. డైరెక్టు ఇయ్యి.”

“బ్యాటరీ ముసల్ది అక్కా.”

“సామి కంటే ముసల్దా?”

ఢిల్లీబాబు డైరెక్టు ఇచ్చేశాడు. సంచి భుజానికి తగిలించుకుని, గేటు దగ్గర నిలబడి, వీధి వీధంతా వినబడేలా, “వస్తానక్కా” అన్నాడు. “రా నాయనా” అంది శకుంతలమ్మ సంబరంగా. చెంగల్రాయుడు మాత్రం బానెట్టెత్తి బ్యాటరీని తడిమి చూసుకున్నాడు.

ఆయన బతుకంతా తెల్లవారుజాము బేరాల మీద ఉంది. తిరుచానూరులో ఒక లాడ్జి మేనేజరు, బాలసుబ్రమణ్యం, కొండకు పోయే యాత్రికులను ఆయన కారుకే అప్పజెప్పేవాడు. తీగ కలిపిన ఆ వారంలోనే, రాత్రి లాడ్జి ముందరే నిలిపిన కారుకు వేకువన తాళం తిప్పితే ఇంజన్ ‘టిక్కు’మని ఊరుకుంది. డీజిలు బండి; స్టార్టరు తిరగాలంటే బ్యాటరీలో సత్తువుండాలి. ఆ సత్తువ రాత్రంతా చక్రం తిప్పడానికే సరిపోయింది. పట్టుపంచెలు కట్టుకున్న యాత్రికులు దిగి, “గోవిందా, గోవింద” అంటూ కారును తోశారు. రెండు రోజులకు మళ్ళీ అదే గోవింద.

బాలసుబ్రమణ్యం అరుగు మీద నుంచే అన్నాడు: “రాయుడూ, కొండకు నడిసి వస్తామని మొక్కుకునేవాళ్ళను సూసినాను. కారు తోసుకొని వస్తామని మొక్కుకున్నోళ్ళను సూళ్ళేదప్పా. ఇంకొక్క తూరి ఇట్లయితే వేరే బండి పెట్టుకుంటా. తప్పుగా అనుకోవద్దు.”

తీగ పీకేద్దామని చెంగల్రాయుడు చెయ్యి పెట్టాడు. మట్టిదిబ్బ కళ్ళ ముందర కనబడింది. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. పైగా కారు ఇంటి ముందరుంటే శకుంతలమ్మ కిటికీలో నుంచి గంటకోసారి దీపాన్ని చూసుకుంటోంది.

కబురు పెడితే ఢిల్లీబాబు మోపెడ్ మీద దిగాడు. “వస్తానన్నాను, వచ్చినాను” అన్నాడు.

“బేరం పోతే గంజి గూడా ఉండదు శకుంతలా” అన్నాడు చెంగల్రాయుడు.

“మొక్కు తప్పితే నువ్వే ఉండవు” అంది ఆమె. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆమె భయం కూడా ఉత్తిది కాదు.

“అది గాదక్కా, ఒకే బ్యాటరీ ఇంజన్నీ సాకల్ల, సామినీ సాకల్ల అంటే...”

“ఓహో, సామి మీకు బరువైపొయినాడు! అట్లయితే వేరు కాపురం పెట్టించండి. ఒకే కుండలో కూడు తినేదానికే గదా ఈ తగువంతా!”

ఆమె ఎత్తిపొడుపుకే అంది. ఢిల్లీబాబు మాత్రం తెలుగులోనే ఒక తిట్టు తిట్టాడు, సంతోషంతో. “అమ్మ నా అక్కా! వేరు కాపురమే!”

మధ్యాహ్నానికల్లా ఒక మోటారుసైకిలు బ్యాటరీ తెచ్చి సీటు కింద బిగించాడు. అది స్వామికి సొంతం. కీ లైను నుంచి దానికి పోయే తీగ నడుమ చిటికెన వేలి గోరంత డయోడును అతికించాడు.

“ఇదేం జేస్తాదిరా?” అన్నాడు చెంగల్రాయుడు.

“కొండకు ఎక్కే ఘాటురోడ్డు వేరే, దిగే ఘాటురోడ్డు వేరే గదా బావా? ఎక్కే దారిలో దిగనిస్తారా? ఇదీ అంతే. బండి నడిసేటప్పుడు కరెంటు పెద్దదాన్నించి సిన్నదానికి ఎక్కతాది. తిరిగి దిగే దారి లేదు. తాళం తీస్తే ఎక్కే దారీ మూతే. పెద్దదానికి దీపంతో సంబంధమే లేదు, సామి కూడు సామిదే.”

“చక్రమో?” అంది శకుంతలమ్మ.

“చక్రం, సీరియల్ కీ లైనుకు అక్కా. బండి కదిలితే ఊరేగింపు. నిలబడితే దీపం ఒకటి సాలదా? ఆ దీపం గూడా రేడియోలో ఎలిగే ఎర్రసుక్క లాంటిది పెట్టినా. గోరంత తింటాది, ఆరదు.”

ఆమె కొంగుతో పటం అద్దం తుడిచింది. “సామి ఒప్పుకున్నట్టే ఉండాది” అంది.

ఒకసారి కొండకు పోయివచ్చి, స్వామి బ్యాటరీ నిండాక, ఆదివారం దాకా కారును కదిలించవద్దని, అదే పరీక్షని చెప్పాడు ఢిల్లీబాబు. సోమవారం వేకువన లాడ్జి బేరం ఉంది. ఆఖరి బేరమో కాదో తేలేది అప్పుడే.

ఆదివారం మధ్యాహ్నం వచ్చాడు. ఎర్రచుక్క వెలుగుతూనే ఉంది. డ్యాష్‌బోర్డు కింద దూరి, చక్రానికి పోయే చివరి తీగ ఒకటి పంటితో ఒలిచి, కలిపి, టేపు చుట్టాడు.

“తిప్పు బావా.”

చెంగల్రాయుడు కళ్ళు మూసుకుని తాళం తిప్పాడు. అంబాసిడర్ ఒక్క దగ్గు దగ్గి, గర్రుమని లేచింది. స్వామి వెనక చక్రం తిరిగింది. శకుంతలమ్మ చేతులెత్తి దండం పెట్టి, కాఫీ పెట్టడానికి లోపలికి పరుగెత్తింది.

“తాగి పోదువులే బాబూ” అంటూ చెంగల్రాయుడు గేటు దాకా వచ్చాడు. ఢిల్లీబాబు సంచిని మోపెడ్‌కు తగిలించాడు. ఎక్కి కూర్చున్నాడు. ఏదో అనబోతున్నట్టు నోరు తెరిచాడు. చెంగల్రాయుడు గేటు ఊచ పట్టుకున్నాడు.

ఢిల్లీబాబు పంటి గంటులో ఇరుక్కున్న తీగ తోలును తుపుక్కున ఉమ్మేసి, మోపెడ్ తొక్కి, వెనక్కి చూడకుండా వీధి మలుపు తిరిగిపోయాడు.