మోటారు మక్బూల్‌కు గుద్దిన స్టార్లు

ప్రొద్దుటూరులో మక్బూల్ ముప్పయ్యేళ్లుగా కాలిన బోరు మోటార్లకు రాగి తీగ చుడుతున్నాడు. దేశాలు పట్టి తిరిగాను గానీ, ఇంత నోరులేని పనివాణ్ణి నేనెక్కడా చూడలేదు. అతని తరఫున మాట్లాడింది కూతురు జైనబ్ ఫోను మ్యాపులో పెట్టిన అంగడి పేజీ. పని చేయించుకున్న రైతులు ఫోనులో రెండు ముక్కలు రాసి స్టార్లు ఇచ్చేవారు. అలా నలభై ఒక్కటి పోగయ్యాయి. చాపాడులోనో రాజుపాలెంలోనో మోటారు కాలినవాడు ఫోనులో వెతికితే మొదట మక్బూల్ పేరే వచ్చేది. అంగడి బతుకంతా ఆ పేరు కనపడటం మీదే.

ఎన్నికలొచ్చాయి. షట్టరుకు తమ నాయకుడి ఫ్లెక్సీ కడతామని ఒక పార్టీవాళ్లు వచ్చారు.

"అందరి మోటార్లూ చుడతాండా నాయనా, ఒకరి బొమ్మ యాడ కట్టుకునేది?" అన్నాడు మక్బూల్.

మూడు రోజుల్లో ముప్పై రాతలు పడ్డాయి, తలా ఒక్క స్టారుతో. మోటారు కాల్చినాడట, రాగి దొంగట. రాసినవాళ్లలో ఒకడికి పులివెందులలో ఫోటో స్టూడియో ఉంది. వాడికి బోరెక్కడిది? కానీ ఫోన్లు తగ్గిపోయాయి.

ఒకప్పుడు జమ్మలమడుగు పక్క ఊళ్లలో టీ అంగడి కూడా పార్టీకొకటి ఉండేది. ఎవడు ఏ గ్లాసు పట్టుకున్నాడో చూసి వాడెవరి మనిషో తేల్చేవారు. బాంబులు మానుకున్నారని ఇప్పుడు పెద్దమనుషులు మురిసిపోతున్నారు. ఏం మానుకున్నారు, వీళ్ల మొహం! చేతిలో వస్తువు మారింది, అంతే.

అప్పుడు ఎదుటి పార్టీ సంజీవయ్య దిగబడ్డాడు.

"ఏం సాయిబూ, ముప్పైకే బెదిరిపోతే ఎట్లా? మావోళ్లతో ఒక్క పూటలో రెండు నూర్లు గుద్దిస్తా సూడు."

"వొద్దప్పా. మోటారు చుట్టించుకున్నోళ్లు రాస్తే సాలు."

"ఓటరే వొచ్చి ఓటెయ్యాలంటే మేం ఇన్నేండ్లు గెలిచేటోళ్లమా?"

అతను ఆగలేదు. పార్టీ ఆఫీసులో జనాన్ని కూర్చోబెట్టి, పోలింగు బూతులో దొంగ ఓట్లు గుద్దించినట్టే గుద్దించాడు. రెండు నూర్ల మందీ అయిదేసి స్టార్లు, అన్నింటి కిందా ఒకటే మాట: ‘శానా బాగుండాది’. ఇవి దొంగ ఓట్లని కనిపెట్టిన మ్యాపు కంపెనీ యంత్రం మంచీ చెడ్డా చూడకుండా మొత్తం తుడిచేసింది. తిట్లు పోయాయి. రైతుల నలభై ఒక్కటీ పోయాయి. అంగడి పేరు ఎక్కడో అడుక్కి జారిపోయింది.

నిజం రాసినవాళ్లనే మళ్లీ రాయమని అడగమంది జైనబ్. మక్బూల్ మోపెడ్ మీద చాపాడు పోయాడు. మునెయ్య అనే రైతు అతన్ని పక్కకు లాగాడు.

"మామా, నీ పని బంగారం. నీ చెవిలో నూరుసార్లు చెప్తా. ఫోనులో నా పేరు పెడితే మాత్రం సంజీవయ్య పార్టీలో కలిసినట్టే లెక్క."

ఇంకో ఏడు ఇళ్లలోనూ అదే మాట. మక్బూల్ చుట్టిన మోటారు నీళ్లు మడిలో పారుతుంటే, దాని గట్టు మీద నిలబడే అన్నారు! బాంబు వేసినవాడి మీదకన్నా ఈ మంచివాళ్ల మీద నాకు ఎక్కువ మండుతుంది. వీళ్ల భయం లేకపోతే వాళ్ల పెత్తనం ఎక్కడిది?

చివరికి గొర్రెలూ, మూడెకరాల పసుపూ ఉన్న చౌడమ్మ ఇంటికి పోయాడు. ఆమెకు చదువు రాదు. మాట్లాడితే ఫోనే రాసుకుంటుందని చెప్పాడు. వెనకే వచ్చిన మునెయ్య గొణిగాడు.

"వొద్దత్తా, నీది ఏ పార్టీ అంటారు."

"అడిగినోణ్ణి నా ముందరికి రమ్మను. నువ్వు నోర్మూసుకోరా!" అని ఫోను అందుకుంది. "నేను చాపాడు చౌడమ్మను. రెండేండ్ల కింద నా మోటారు ఈయప్పే చుట్టినాడు. ఇంకా నీళ్లు పోస్తాండాది. కాల్చినాడన్నోడు నా బోరుకాడికి రాండి, సూపిస్తా."

"అయిదు స్టార్లు నొక్కేదా అక్కా?" అన్నాడు మక్బూల్.

"నాలుగు నొక్కు. మోటారు ఎత్తేటప్పుడు నా పసుపు చెట్లు తొక్కినావు, అదీ చెప్తా ఉండు."

అదీ చెప్పింది. మక్బూల్ నాలుగే నొక్కాడు. ఆ రాతను యంత్రం తుడవలేదు. పది రోజులకు వల్లూరు నుంచి, అడుగుదాకా వెతికిన ఒక రైతు ఫోను చేశాడు.

"పసుపు చెట్లు తొక్కిన మక్బూల్ నువ్వేనా? మోటారు తెస్తాండా. మా చేనికి మాత్రం రావాకు."