పద్నాలుగు కాదు, పదమూడు

మా మరిది పోయాడని మంగళవారం పొద్దున అతని కూతురు ఫోన్ చేసింది. ఏడుపు తరువాత వచ్చింది. ముందు వచ్చింది కోపం. నలభై ఏళ్ళ నా ప్రశ్నకు జవాబు చెప్పకుండా వెళ్ళిపోయాడు.

విశాఖలో ఉక్కు ఫ్యాక్టరీ కడుతున్న రోజులవి. కంచరపాలెంలో అందరం ఒకే ఇంట్లో ఉండేవాళ్ళం. నాకు కొండ మీది బడిలో లెక్కల టీచరుగా తాత్కాలిక ఉద్యోగం దొరికింది. బస్సు కొండ కిందే ఆగేది. మోకాలి నొప్పితో ఆ ఎత్తు నేను ఎక్కలేను. అందుకని మరిది పనికి వెళ్తూ తన పాత మోటారుసైకిల్ మీద నన్ను దించేవాడు. నేను కూర్చునే ముందు సీటును చొక్కా కొసతో తుడిచేవాడు. మర్యాదకేమీ లోటు లేదు. మాట వినడమే లేదు.

మనిషికి స్పీడు పిచ్చి. ఒక ఆదివారం ఆటోనగర్ వెళ్ళి, ఇంజను దగ్గర చెయిన్‌ను తిప్పే పళ్ళ చక్రం, పద్నాలుగు పళ్ళ స్ప్రాకెట్ తీయించి పదహారు పళ్ళది వేయించుకొచ్చాడు.

"సూడొదినా, పెద్దది ఏయించినాను. ఇక కొండ ఏటి, గోడైనా ఎక్కీస్తాది."

"వెనక చక్రానికి నలభై రెండు పళ్ళు. ముందు పద్నాలుగుంటే అది మూడుసార్లు తిరిగితే వెనకది ఒకసారి తిరుగుతుంది. పదహారైతే మూడు చుట్లు కూడా అక్కర్లేదు. వేగం పెరుగుతుంది, లాగే బలం తగ్గుతుంది. ఎత్తు ఎలా ఎక్కుతుందయ్యా?"

"ఇది బ్లాక్‌బోర్డు కాదొదినా, బండి!"

సోమవారం చదునైన రోడ్డు మీద గాలిలా పోయింది. కొండ సగంలో మొదటి గేరులోనే దగ్గి ఆగిపోయింది. మిగతా ఎత్తు కుంటుకుంటూ ఎక్కాను. ఇంకొక్కసారి ఆలస్యమైతే వేరే టీచరును చూసుకుంటామని పెద్ద మేడమ్ పిల్లల ముందే అన్నారు. సాయంత్రం ఆ మాటే అతనికి చెప్పాను.

"నీ పుస్తకాల బరువొదినా. బండిదేటి తప్పు?"

నాకు ఒళ్ళు మండింది. ఆ ఉద్యోగం పోతే మళ్ళీ వస్తుందన్న ఆశ లేదు. "పద, ఇప్పుడే ఆటోనగర్" అన్నాను. బండి బయటికి తీశాడు.

మెకానిక్ నవ్వాడు. "ఏటి బావా, నిన్నే గదా ఏయించుకున్నావు? స్పీడు మొకం మొత్తినాదా?"

"సెయిన్ గోల సేత్తంది. మార్సు."

తీసిన పాత స్ప్రాకెట్ ఇంకా బల్ల మీదే ఉంది. మెకానిక్ దాన్ని అందుకోబోయాడు.

"పద్నాలుగు కాదు, పదమూడుంటే ఎయ్యి" అన్నాడు మా మరిది.

"పదమూడా? సైకిలోళ్ళు కూడా నిన్ను దాటీసి ఎల్తారు బావా!"

"ఎల్లనీ."

ఆ పదమూడు ఎందుకని పెళ్ళిళ్ళలో అడిగాను, పేరంటాల్లో అడిగాను, మొన్న ఆసుపత్రిలోనూ అడిగాను. ఎప్పుడూ ఒకటే జవాబు: "షాపులో పద్నాలుగు నేదొదినా." నా కళ్ళతో నేను చూశాను కదయ్యా అంటే మొహం అటు తిప్పేసుకునేవాడు. ఇలాంటి మనిషితో ఏం వేగను?

మరునాడు బండి గట్టిగా అరుస్తూ, ఎక్కడా ఆగకుండా కొండెక్కింది. గంట కొట్టకముందే బడి గేటు దగ్గర దిగాను. లోపలికి వెళ్ళబోతూ కిందికి చూశాను. చదునైన రోడ్డు మీద మా మరిది బండి గొంతు చించుకుంటూ నెమ్మదిగా పోతోంది. వెనక నుంచి చేపల గంప కట్టుకున్న మోపెడ్ ఒకటి వచ్చి అతన్ని దాటింది. దాని మీదివాడు వెనక్కి తిరిగి చెయ్యి కూడా ఊపాడు. మా మరిది తల తిప్పలేదు. నిటారుగా కూర్చుని, ఆ రోడ్డంతా తనదే అన్నట్టు పోతూనే ఉన్నాడు.