తెల్లకార్డును ఎత్తుకుపోయిన గాలి

తిన్న అన్నం మీద ఒట్టేసి చెబుతున్నాను, ఇందులో ప్రతి అక్షరమూ నిజం. నేను చెప్పేదాంట్లో ముప్పాతిక కోతలేనని డల్లాస్ పక్కన మా కాపెల్‌లో సగంమంది అంటారు గాని, మొన్న పక్కింటివాళ్ల అమ్మాయి ఫోన్ చూపిస్తూ, “అంకుల్, మేం మెక్సికో వెళ్తున్నాం, ఐ-94 అంతా ఆన్‌లైనే, పేపర్ ఏం లేదు” అనగానే నా చేతిలో టీ ఒలికిపోవడం వాళ్లమ్మ కళ్లారా చూసింది.

మన రోజుల్లో అది అమెరికాలో దిగగానే ఇచ్చే, అరచేతిలో పట్టే తెల్లకార్డు, పాస్‌పోర్టులో పిన్ను కొట్టి ఉండేది. వీసా స్టాంపింగ్ గడువు దాటిపోయినా ఆ కార్డుంటే మెక్సికో వెళ్లి నెలలోపల వెనక్కి రావచ్చు. అది పోతే మళ్లీ కాన్సులేట్ గుమ్మం ఎక్కాల్సిందే. 2006లో నా రూమ్మేటూ నేనూ ఆ ధైర్యంతోనే బ్యాక్‌ప్యాకులు తగిలించుకుని లరేడో దగ్గర సరిహద్దు వంతెన నడిచి దాటాం. చుట్టరికమేమీ లేకపోయినా ఆయన్ని బావగారూ అనేవాణ్ణి. మూడువారాల సెలవులో పెళ్లి చేసుకొచ్చి, ఏడాది ఎదురుచూశాక, ఆయన భార్య మరుసటి ఆదివారం డల్లాస్‌లో దిగబోతోంది. ఈలోగా ఆఖరి బ్రహ్మచారి తిరుగుడని నేనే బతిమాలి లాక్కెళ్లాను.

రెండు రోజులు బస్సులో, ఆపైన పడవలో దీవి చేరాం. కొబ్బరిచెట్ల కింద టూరిస్టులు ఒళ్లు కాల్చుకుంటుంటే, బావగారు మాత్రం ఎయిర్‌పోర్టుకి వేసుకోవాల్సిన మెరూన్ చొక్కా ఇస్త్రీ నలగకుండా బ్యాగు ఒళ్లో పెట్టుకుని కూర్చుని, గంటకోసారి పాస్‌పోర్టు తెరిచి, కార్డు తడిమి, మూసేవారు.

“దేవుడి పటానికైనా ఇన్నిసార్లు దణ్ణం పెట్టరు కదండీ” అన్నాను.

“నీకేంట్రా, నీకోసం ఎవరూ దిగట్లేదుగా” అన్నారు.

తిరుగు పడవలో ఆయన మళ్లీ పాస్‌పోర్టు తెరిచారు. అప్పుడొచ్చింది గాలి! ఒక అమెరికన్ ముసలావిడ టోపీ, ఆవిడ మొగుడి విగ్గు, తోకలు ముందుకీ ముక్కులు వెనక్కీ పెట్టి ఎగురుతున్న రెండు కొంగలు, వాటి మధ్య మా బావగారి కార్డు. “పోయింది బావగారూ, అదుగో!” అని నేనే వేలు పెట్టి చూపించాను. ఆయన పడవ అంచు పట్టుకుని చాలాసేపు చూశారు.

వంతెన దగ్గర నేను ఇవతలికి, ఆయన అవతలే. విడిపోయేముందు ఆ చొక్కా నా చేతిలో పెట్టి, “ఇదేసుకుని పికప్‌కి వెళ్లరా, ఈ రంగు చూసుకుని రమ్మన్నాను. జనంలో కంగారుపడుతుంది” అన్నారు.

వేసుకుని వెళ్లాను. ఆవిడ దూరం నుంచే చొక్కా చూసి, నవ్వుతూ, ట్రాలీ తోసుకుంటూ పరుగులాంటి నడకతో వచ్చి, పదడుగుల దూరంలో నా మొహం చూసి ఆగిపోయింది. గాలి కథంతా చెప్పాను, కొంగలతో సహా.

“అంత చిన్న కార్డు పట్టుకోవడం రాలేదా అన్నయ్యగారూ, ఆయనకి?” అంది.

కాన్సులేట్‌లో ఆయన కాగితాలు నెలల తరబడి కదల్లేదు. మేమిద్దరం పనిచేసే ఆఫీసు ఆగలేదు, కిటికీ పక్కనున్న ఆయన సీటు నాకిచ్చారు. ఆవిడ తెలిసినవాళ్లింట్లో ఆరువారాలపాటు బాల్కనీలోంచి పార్కింగ్ లాట్ చూసి, తాళ్లు కూడా పూర్తిగా విప్పని పెట్టెలతో వెనక్కి విమానం ఎక్కింది. ఎక్కించింది నేనే. ఇప్పుడిద్దరూ కాకినాడలో ఉంటున్నారు. ఫోన్ చేస్తే బావగారే ఆ గాలి కథ ఎత్తుకుని నన్ను నవ్వించబోతారు, వెనకనుంచి ఆవిడ, “మాటిమాటికీ తీసి చూడమన్నదెవరు?” అని దెప్పడం వినిపిస్తుంది. ఇన్నేళ్లుగా అదే దెప్పు.

ఇప్పటి పిల్లలకి ఆ కార్డూ లేదు, పిన్నూ లేదు. ఒకరి బతుకు ఇంకొకడి జేబులో పట్టే రోజులు పోయాయి. మంచిదే. ఒట్టేశాను కనుక ఒక్క దిద్దుబాటు: ఇందులో నేను కల్పించింది గాలి. టోపీ, విగ్గు, కొంగలు దానితోపాటే పోయినట్టు లెక్క. ఆ రోజు బయల్దేరబోతూ ఆయన స్నానానికెళ్లినప్పుడు, మొహం ఎలా మారుతుందో చూద్దామని పిన్ను పీకి కార్డు నా నిక్కరు జేబులో వేసుకున్నాను. పడవెక్కేముందు ఆఖరి మునకని సముద్రంలోకి దూకాను. ఒడ్డుకొచ్చాక జేబులో పిండిముద్ద మిగిలింది.

నేను వేలు చూపించిన చోట నీళ్లు తప్ప ఏమీ లేవు. కార్డు తెల్లగా తేలుతూ కనబడిందని బావగారు మాత్రం ఇప్పటికీ ఒట్టేస్తారు.