రేటు వేయని బిల్లు

2007 ఆగస్టులో మా కొట్టుకు కంప్యూటర్ వచ్చింది. అంతకు ముందు ముప్ఫై మూడేళ్ళు లెక్కలు నేనే రాశాను, తెలుగులో. కదిర్కామం రోడ్డు మీద మాది అద్దె సామాన్ల కొట్టు. కుర్చీలు, బల్లలు, అండాలు, గుండిగలు, షామియానాలు పెళ్ళిళ్ళకూ సీమంతాలకూ చావులకూ మా దగ్గరి నుంచి వెళ్ళేవి. మా ఆయన పోయాక కొట్టు మా అబ్బాయి చేతికి వచ్చింది. వాడు ఇంట్లో తెలుగు మాట్లాడతాడు గాని చదవలేడు. ఇది తమిళ ఊరు, బడిలో నేర్చింది తమిళం, ఇంగ్లీషు. నా పద్దుల్లో ఏముందో నేనే వాడికి చదివి చెప్పాలి. ఆ ఏడాది నాకు అరవై ఎనిమిది.

"నువ్వు లేనప్పుడు ఎవరన్నా బాకీ కట్టేదానికి వస్తే నేనేం చెప్పేది? మాయమ్మ వచ్చినాక రాండి అని పంపించేసేదా?" అని వాడు ఒకనాడు గట్టిగానే అడిగాడు. ఆడిటర్ కూడా చేతిరాత కాగితాలు ఇక తేవద్దన్నాడు. సరే, కొందాం, కాని ఏది కొనాలో నేను చూసి చెబుతాను అన్నాను.

కంప్యూటర్లో వేసే లెక్కల ప్రోగ్రాములు మూడు చూశాం. మొదటిది తెచ్చినతను గోడౌన్లు, ఫ్యాక్టరీ, ముడిసరుకు అంటూ గంటసేపు తెర తిప్పాడు. మాకు ఫ్యాక్టరీ ఎక్కడుంది? రెండోది చవక. కాని అమ్మేవాళ్ళు చెన్నైలో ఉంటారు, ఏదైనా ఆగిపోతే ఫోన్లోనే బాగుచేసుకోవాలి. మూడోది ఒక యానాం కుర్రవాడిది. ఇక్కడే చదివి, గోరిమేడులో చిన్న గది తీసుకుని, తానే తయారు చేసి అమ్ముకుంటున్నాడు. ఏడాది సర్వీసుతో కలిపి నాలుగు వేల ఐదొందలు. సామాన్లకు ఒక తెర, మనుషులకు ఒకటి, డబ్బుకు ఒకటి, అంతే. నాకు నచ్చింది. ముందే అనుకుని పెట్టుకున్న ప్రశ్నలన్నీ అడిగాను. ఒక్కదాని దగ్గర ఆగిపోయాడు.

చావింటికి సామాను పంపితే మేము రేటు చెప్పం, బిల్లు రాయం. ఎన్ని వెళ్ళాయి, ఎన్ని తిరిగొచ్చాయి అన్నది మాత్రం రాసుకుంటాం. పదహారో రోజు కర్మ అయ్యాక ఆ ఇంటి మనిషి ఒకరు వచ్చి, తమకు తోచినంత గల్లా పక్కన పెట్టి వెళ్తారు. వాళ్ళ ఎదుట లెక్కపెట్టం. మా మామగారి నాటి నుంచీ అదే పద్ధతి. దానివల్ల మేము నష్టపోయింది ఎప్పుడూ లేదు.

"రేటు గడి ఖాళీగా ఉంటే సేవ్ అవదండి మామ్మగారూ" అన్నాడు కుర్రవాడు.

"సున్నా వెయ్యి."

"సున్నా తీసుకోదండి. పోనీ ఒక్క రూపాయి వేసుకోండి."

"చావింటికి రూపాయి బిల్లా? ఏంది నాయనా, మీ యానాంలో అట్లనే చేస్తారా?"

"మా ఊళ్ళో షామియానా వాడు గుంజ పాతకముందే డబ్బులు లాగేస్తాడండి" అన్నాడు. మా అబ్బాయి నవ్వాడు. నాకూ నవ్వొచ్చింది.

చివరికి కుర్రవాడే దారి చెప్పాడు. "మామూలు రేటే పడనివ్వండి. ప్రింటు తీయకండి. లోపల ఉంటుంది, ఎవరు చూస్తారు? వాళ్ళు ఇచ్చిన రోజున తేడా తగ్గించేసుకోండి." నాకు అంతకన్నా మంచి ఉపాయం తోచలేదు. తర్వాత బాకీ గడువు ఎన్ని రోజులు పెట్టమంటారని అడిగాడు. పెళ్ళివాళ్ళు మామూలుగా వారంలోపు కట్టేస్తారు కాబట్టి ఏడు అన్నాను. ఏడు కొట్టాడు. ఆ గడి అన్ని ఇళ్ళకూ ఒకటే.

గడువు దాటిన పేర్లు ఫోన్ నంబర్లతో సహా ప్రతి సోమవారం కాగితం మీద వచ్చేవి, ఇంగ్లీషులో. అబ్బాయి చదివేవాడు, ఎవరికి ఫోన్ చేయాలో నేను చెప్పేదాన్ని. చావు జరిగిన ఇళ్ళ పేర్లు వస్తే దాటేయమనేదాన్ని. మొదటి నెలలోనే పాత బాకీలు పదకొండు వేల నాలుగొందలు వసూలయ్యాయి. 

"చూసినావా అమ్మా, ఈ పని నువ్వు ముందే చేసుంటే ఈపాటికి మేడిల్లు కట్టుండొచ్చు" అన్నాడు.

"ఇప్పుడు నువ్వు పడుకునే ఇల్లు ఎవరు కట్టిందిరా?" అన్నాను.

సెప్టెంబరు ఆఖరున అబ్బాయి ఒకామెను పనికి పెట్టుకున్నాడు. కిరుమాంబాక్కం నుంచి బస్సులో వచ్చేది. నన్ను పాటీ అనేది, తమిళంలో అవ్వ అని. పని తెలిసిన మనిషి, అంకె తప్పేది కాదు. సోమవారం కాగితం ఆమె చేతికి వెళ్ళింది. నేను మధ్యాహ్నాలు మాత్రం కొట్టుకు వెళ్ళి కూర్చునేదాన్ని. పద్దు చదవడానికి నాకు ఇంగ్లీషు రాదు. ఇప్పుడు ఎవరైనా నాకే చదివి చెప్పాలి.

గోరిమేడులో ఒక అక్క ఉండేది. బంధువు కాదు. మాలాగే ఎప్పుడో తరాల కిందట ఇక్కడికి వచ్చి పొలాలు చేసుకున్న తెలుగువాళ్ళు. కొత్తకోడళ్ళుగా ఉన్నప్పటి నుంచి నాకు తెలుసు. మా ఆయన పోయినప్పుడు పదహారు రోజులూ మా వంటింట్లో ఆమే ఉంది. నన్ను పొయ్యి దగ్గరికి రానివ్వలేదు. ఆ అక్టోబరులో ఒక ఆదివారం ఆమె భర్త పోయాడు. అరవై కుర్చీలు, రెండు అండాలు, ఒక షామియానా రెండు రోజులకు వెళ్ళాయి. మా అబ్బాయే బండిలో ఎక్కించి తీసుకెళ్ళి వేయించి వచ్చాడు. కొట్టులో పనిచేసే ఆమె సామాను వివరాలు కంప్యూటర్లో రాసింది. రేటు దానంతటదే పడింది. కుర్చీలకు మూడు వందల అరవై, షామియానాకు ఆరు వందలు, అండాలకు వంద. మొత్తం వెయ్యిన్ని అరవై.

తొమ్మిదో రోజు సోమవారం. మధ్యాహ్నం నేను కొట్టుకు వెళ్ళేసరికి ఫోన్లు అయిపోయాయి. ఆమె కాగితం మీద టిక్కులు పెట్టుకుని ఎవరెవరు ఎప్పుడు కడతామన్నారో వరసగా చెప్పింది. గోరిమేడు వాళ్ళు మాత్రం ఏమీ చెప్పకుండా పెట్టేశారంది. ఎవరు ఎత్తారని అడిగాను. ఎవరో పెద్దావిడ అంది. ఈమెను ఏమని తిట్టను? ఇచ్చిన పనే చేసింది. ఏ పేరు దాటేయాలో ఆమెకు ఎవరూ చెప్పలేదు.

మరునాడు పొద్దున్నే వెళ్ళాను. అక్క గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. పక్కన కూర్చున్నాను.

"అక్కా, అది ఆ మెషీను చేసిన పని" అన్నాను.

"మెషీను మాట్లాడలేదే. ఎవరో ఆడమనిషి మాట్లాడింది. మర్యాదగానే అడిగింది, పాపం. వెయ్యిన్ని అరవై అనింది."

"ఆమెకు తెలవదక్కా."

"నీకు తెలుసు గదా."

అక్క చిన్న కొడుకును పిలిచింది. "ఒరే, ఆ కవరు తెచ్చి అత్తకియ్యి."

"ఇప్పుడు వద్దక్కా. కర్మ కానీ."

"కర్మ దాకా ఎందుకు? మళ్ళా సోమారం ఫోను వస్తాది గదా."

రాదు అని చెప్పగలిగితే బాగుండేది. కొట్టులో ఆమెకు వద్దని చెప్పి ఫోన్ ఆపించగలను. కాని ఆ పేరు కాగితం మీదికి రాకుండా ఎలా ఆపాలో నాకు తెలియదు. నాకు రాని లిపిలో అది అచ్చవుతూనే ఉంటుంది. కవరు తీసుకున్నాను.

"లెక్క చూసుకో. బిల్లు యాడ?"

"పంపిస్తానక్కా" అన్నాను. ఆ ఇంట్లో మూడు పెళ్ళిళ్ళకు మా సామాను వెళ్ళింది, అక్క ఒక్కసారీ బిల్లు అడగలేదు.

కొట్టుకు వచ్చి అబ్బాయితో బిల్లు తీయించాను. అడుగున పెద్ద అక్షరాలతో ఒక వాక్యం ఉంది. ఏమిటని అడిగితే వాడు చెప్పడానికి తటపటాయించాడు. 'ధన్యవాదాలు, మళ్ళీ రండి' అని. తీసేయమన్నాను. అరగంట కుస్తీ పట్టాడు, పోలేదు. యానాం కుర్రవాడికి ఫోన్ చేశాం.

"అది బిల్లుతో పాటే వచ్చేస్తుందండి మామ్మగారూ. వచ్చే వెర్షన్‌లో తీసేస్తాను."

"ఆ ఏడు రోజుల గడువన్నా మార్చు నాయనా."

"పదహారు పెట్టమంటారా?"

"పెడితే పదిహేడో రోజు ఏమవుతుంది?"

"కాగితం మీదకి వస్తుందండి" అన్నాడు, దాచకుండా. "కొట్టుకి బాకీ అన్నాక ఎప్పుడో ఒకప్పుడు రావాలి కదండీ."

అతను చెప్పింది తప్పని అనలేను. ఫోన్ పెట్టేసి, స్కేలు ఆనించి బిల్లు అడుగు అంగుళం మేర చింపేశాను. కొద్దిగా వంకర వచ్చింది. అదే పంపించాను. ఆ సాయంత్రం కొట్టులో ఆమె వెయ్యిన్ని అరవై జమ కొట్టింది. బాకీల తెర మీద నుంచి అక్క పేరు పోయింది. "సరిపోయింది, పాటీ" అంది, నాకు ధైర్యం చెబుతున్నట్టు.

పదహారో రోజు కర్మకు వెళ్ళాను. మా బండి వెళ్ళలేదు. ఎవరూ సామాను అడగలేదు. రెండు రోజుల ముందు నుంచి ఫోన్ మోగినప్పుడల్లా అదే అయి ఉంటుందనుకున్నాను. వీధి మలుపు తిరగ్గానే షామియానా కనిపించింది. కింద నీలం కుర్చీలు, వీపున మరో కొట్టు పేరు. మావి ఎర్రవి. అక్క చిన్న కొడుకు ఒక కుర్చీ తెచ్చి నా ముందు వేశాడు.

"కూర్చో అత్తా."

కూర్చున్నాను. కాసేపటికి అక్క లోపలి నుంచి వచ్చింది. నా ముందు వరసలో ఉన్నవాళ్ళందరికీ చెప్పినట్టే నాకూ చెప్పింది.

"భోంచేసి పోండి."

ఆమె నన్ను 'అండీ' అనడం అదే మొదటిసారి. విస్తరి ముందు కూర్చుని, పెట్టిందంతా తిని వచ్చాను.