సూర్యుడికి పెట్టిన వాలు

తాండూరులో నాపరాయి పరిచిన ఏ ఇంట్లోనైనా చెంబుడు నీళ్లు పోసి చూడండి, బుద్ధిగా వాకిలి దారి పడతాయి. రాయిని సమంగా పరిచినవాణ్ని మా ఊళ్లో పనివాడనరు. నేను రాళ్లు పరిచేవాణ్ని కాదు. వాటిని నున్నగా చేసే పాలిష్ మిషన్లలోకి నీళ్లు పోకుండా సీళ్లు మార్చేవాణ్ని. అయినా ఆ వాలు నా చేతికీ అంటుకుంది.

అనంతగిరి మీద ఒక టెలిస్కోప్‌కు సీళ్లు మార్చాలని కబురొచ్చినప్పుడు, నా పేరు నక్షత్రాల దాకా పాకిందని మురిసిపోయాను. టెలిస్కోప్ అంటే రాత్రి పనే కదా అని, భోంచేసి తీరిగ్గా వికారాబాద్ రైలెక్కాను. తీరా చూస్తే అది సూర్యుణ్ని చూసే టెలిస్కోప్. నేను చేరేసరికి ఆయన డ్యూటీ దిగుతున్నాడు.

దాన్ని చూసుకునే మేడంది మర్పల్లి. రోజూ పొద్దున సూర్యబింబాన్ని కాగితం మీద పడేలా చేసి, ముందే గీసి ఉన్న గుండ్రంలో మచ్చల్ని పెన్సిల్‌తో గుర్తిస్తుంది. ఏళ్ల తరబడి గీసిన పుస్తకాలు బీరువా నిండా ఉన్నాయి. గుండ్రం ఖాళీగా ఉన్నచోటల్లా పక్కన ఒకటే మాట: మబ్బు.

"మిషన్ ఖరాబై ఆగిన రోజు ఒక్కటి లేదన్నా. నువ్వేమన్న జెయ్యి, రోజూ పొద్దుగాల నాకు సూర్యుడు గావాలె" అంది.

"ఫికర్ జెయ్యకున్రి మేడం" అన్నాను. ఆ మాట అనకుండా నేను ఏ పనీ మొదలుపెట్టలేదు.

మర్నాడు ఆవిడ బొమ్మ గీయడం అయ్యాక విప్పాను. రబ్బరు సీళ్లు ఎండి అప్పడాల్లా విరిగాయి. టెలిస్కోప్ నిలబడే అడుగు ఉక్కు పలక, కింద నీళ్లు నిలిచి తుప్పు పట్టింది. కబురుతో పంపిన కొలతల ప్రకారం తాండూరులో కోయించి, రైల్లో ఒళ్లో పెట్టుకుని తెచ్చిన కొత్త పలకను దాని స్థానంలో బిగించాను. బిగిస్తూ, ఎవరినీ అడక్కుండా, ఒక పక్కన రెండు రేకుముక్కలు దూర్చాను. నీళ్లు పోవాలి కదా! పలకకు వాలు పెట్టడం కూడా తెలియని చదువులేం చదువులని, సొంత తెలివికి నేనే ముచ్చటపడ్డాను.

తెల్లారింది. ఆకాశంలో మచ్చుకైనా మబ్బు లేదు. సూర్యుడు గుండ్రంలోకి వచ్చాడు, మేడం పెన్సిల్ ఎత్తింది. ఆయన నెమ్మదిగా పక్కకు జారి కాగితం దిగిపోయాడు. మళ్లీ తెచ్చి నిలబెడితే మళ్లీ జారాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు నేను టెలిస్కోప్‌ను సూర్యుడి వెంట తిప్పే మోటారును తిట్టాను. మేడం మట్టం చూసే లెవెల్ తెచ్చి పలక మీద పెట్టింది. బుడగ ఒక మూలకు పరిగెత్తింది.

"ఏందన్నా గిది?"

"నీళ్లు పోవాలె గద మేడం."

"నీళ్లు పోతయన్నా. సూర్యుడు గూడ పోతుండు."

నాలుగు తిట్లు తిట్టినా బాగుండేది. అంతా విప్పి, రేకుముక్కలు తీసి, పలకను సరిచేసి, సీళ్లు మళ్లీ కూర్చేసరికి సూర్యుడు కొండ చాటుకు వెళ్లిపోయాడు. రోజంతా మబ్బు జాడే లేదు. మేడం పుస్తకం తెరిచి ఖాళీ గుండ్రం ముందు కూర్చుంది.

"మబ్బని రాయున్రి మేడం, ఎవలకెరుక" అన్నాను.

"మబ్బు నీకేం జేసిందన్నా?" అని, 'పలక వాలింది' అని రాసింది. ఎవరు వాల్చారో రాయలేదు. నాకు తల తీసేసినట్టయింది.

మర్నాడు సూర్యుడు కదలకుండా నిలబడ్డాడు. అప్పటినుంచి ఏటా వానలకు ముందు వెళ్లి సీళ్లు మార్చి వస్తున్నాను. బాగా చేసిన పనంతా లోపలే ఉంటుంది, ఎవరికీ కనపడదు. ఆ బీరువా మొత్తంలో నా చేతిపని కనిపించేది ఆ ఒక్క ఖాళీ గుండ్రంలోనే. ఎవరైనా చూడ్డానికి వస్తే మేడం అన్ని పేజీలూ ఓపిగ్గా చూపిస్తుంది. నేను పక్కన ఉంటే మాత్రం ఆ ఒక్క పేజీ గబుక్కున తిప్పేస్తుంది.