దమ్ముందా?

కురుమూర్తికి రాని ఆట లేదు. అమరచింత చేలల్లో అన్నదమ్ములతో కబడ్డీ, కొత్తకోట దాబాల వెనక లారీ డ్రైవర్లతో వాలీబాల్, సోమశిలలో పడవవాళ్ల తిట్లు తింటూ కృష్ణలో ఈత. మోకాలు చిట్లకపోతే ఆట వచ్చినట్టే కాదంటాడు. ఇప్పుడు గద్వాలలో మా బడికి పీఈటీ సారు. నేను అక్కడే తెలుగు చెబుతాను.

మొండిఘటం. పిల్లలకోసం ప్రాణం పెడతాడు, అదీ ఒప్పుకోవాలి. ఖో-ఖో అయినా, జావెలిన్ అయినా, కొత్త పిల్లను ఎదురుగా నిలబెట్టి అడిగేది ఒకటే: "దమ్ముందా?"

అందరూ ఉందని అరుస్తారు. కబడ్డీకి వచ్చిన యామిని అరవలేదు. తల వంచుకుని, "ఉంది సార్," అంది.

"శభాష్! గట్లుండాలె!" అని వీపు తట్టాడు మహానుభావుడు.

ఆ పిల్లది మగ్గాల ఇల్లు, నూలు దుమ్ములో పెరిగింది. ఆ వీధిలో దమ్మంటే గుండెధైర్యం కాదు, ఆయాసం జబ్బు. వద్దు పొమ్మంటాడేమోనని భయపడుతూనే నిజం చెప్పింది. జబ్బున్నా సారు చేర్చుకున్నాడని పొంగిపోయింది. కురుమూర్తికి ఆ అర్థం తెలియక కాదు. మైదానంలో నిలబడితే అతని చెవికి ఆట మాటలే వినపడతాయి, ఖర్మ.

చలికాలం వచ్చింది. వనపర్తి పోటీలు దగ్గరపడ్డాయి. యామిని కూతకు పోయి వచ్చిన ప్రతిసారీ గోడ పట్టుకుని నిలబడేది. "ఇంకో రౌండు ఉరుకు, దమ్ము పెరుగుతది," అనేవాడు. అది పెరుగుతూనే ఉంది.

ఒకనాడు ఆమె నాయనమ్మ జోగమ్మ గేటు దగ్గరికి వచ్చింది. "సారూ, మా పిల్లకు దమ్ము మస్తు ఎక్కువైంది. జర సూడుండ్రి."

"మాక్కావాల్సింది అదే గదా అవ్వా! ఫికర్ జెయ్యకు, గెలిపిచ్చి పంపిస్త," అని నవ్వాడు. ఇంత చదివిన సారుకు తెలియదా అనుకుని ముసలామె వెళ్లిపోయింది. ఇదంతా నాకు తర్వాత తెలిసింది.

జట్టుకు తోడుగా నేనూ వెళ్లాను. వనపర్తిలో ఆ పొద్దు మంచు, దుమ్ము కలిసి కమ్ముకున్నాయి. యామిని గీత దాటింది. కబడ్డీ, కబడ్డీ, కబడ్డీ... ఇద్దరిని తాకి వెనక్కి తిరిగింది. కూత సన్నబడింది. "దమ్ము పట్టు బిడ్డా, దమ్ము పట్టు!" కురుమూర్తి గొంతు చించుకుంటున్నాడు. గీతకు జానెడు దూరంలో కూత ఆగింది. పిల్ల మట్టిలో బోర్లా పడింది. తిప్పి చూస్తే పెదాలు నల్లబడి ఉన్నాయి.

సాయంత్రానికి జోగమ్మ బస్సెక్కి దవాఖానకు వచ్చింది. లోపల ఆక్సిజన్ పెట్టారు, యామిని ఇంకా కళ్లు తెరవలేదు. కురుమూర్తి గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

"దమ్ము ఎప్పటినుంచి ఉందమ్మా? ఎవరికీ చెప్పలేదా?" అని డాక్టరమ్మ అడిగింది.

"సిన్నప్పటి సంది ఉందమ్మా. ఎందుకు జెప్పలే, గీ సారుకు జెప్పిన." ముసలామె కురుమూర్తి వైపు చూసింది. ఆ చూపులో కోపం లేదు, నాకు అందుకే భయమేసింది. "జెప్తే మస్తు సంబరపడ్డడు."